నిశ్చిత భూభాగం

అడ్మిషన్ల గుమాస్తా కళ్లజోడు పైనుంచి చూశాడు.
"లెక్కలు రావా?"
వచ్చునండి.
అమ్మ తట్టలో కవ్వళ్లు ఎంతకొచ్చాయో,
ఐసుకి ఎంత పోయిందో,
పూర్ణా మార్కెట్లో ఆఖరి బేరం ఎక్కడ తెగిందో
నోటితోనే కట్టి చెప్పేది నేను.
"మరి సీయీసీ ఎందుకు?"
సివిక్సు కోసమండి.
ఆయన నవ్వలేదు,
నా వెనకాల వరసలో ఎవరో నవ్వారు.

మా సెక్షన్లో పదకొండు మందిమి.
వానొస్తే తొమ్మిది.
గది గోడ మీద నీలం రంగుతో
పోలింగ్ కేంద్రం నంబరు, పక్కన ఒక బాణం.
ఎన్నికలకి వేశారు, తర్వాత ఎవరూ తుడవలేదు.
బాణం చూపించే చోటే నా బెంచీ.
అక్కడే అట్టముక్క చాటున మా అమ్మ ఓటేసిందట.
"నీ బల్ల మీద ఎవులో పేర్లు సెక్కేసేరే" అని చెప్పింది గానీ
ఎవరికి వేసిందో ఎంత అడిగినా చెప్పలేదు.
రహస్య ఓటింగు, రెండు మార్కులు.

"ఏటే ఆ పుస్తకం?"
రాజనీతి శాస్త్రం.
"రాజులేరీ?"
రాజుల్లేరే అమ్మా. రాజ్యమే ఉంది.
ఉప్పు చేతులు కడుక్కుంటూ కాసేపు ఆలోచించింది.
"అందుకేనేటి,
ఎవుడ్నడిగినా నాకు తెల్దంటాడు."

సూర్యమణి మేడం నోట్సు చెబుతుంటే
హార్బరు వైపు ఏదో ఓడ కూత పెట్టింది.
ఆగి, అది అయ్యాక మళ్లీ మొదలెట్టింది.
రాజ్యానికి నాలుగు లక్షణాలు, రాసుకోండి.
ప్రజలు, నిశ్చిత భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం.
నిశ్చిత కింద గీత గియ్యండి.
స్కేలు లేదు, చేత్తోనే గీశాను.
మా జాలరిపేట ఒడ్డులాగా వంకరపోయింది.

పోయిన మాఘంలో కొర్లయ్య మావయ్య బోటు
పారాదీప్ దాటాక ఇంజను చెడి కొట్టుకుపోయింది.
మూడో తెల్లారికి
తుపాకులు పట్టుకున్నవాళ్లు వేరే భాషలో అరిచారట.
బోట్లో ఏడుగురు. ఏడుగురూ ప్రజలే.
చుట్టూ భూభాగమన్నది లేదు,
గీత ఉందని చెప్పడానికి ఒక కర్రయినా పాతలేదు.

అత్త ఆధార్ జిరాక్సులు పట్టుకుని
కలెక్టరాఫీసుకి, అక్కణ్ణుంచి ఫిషరీసు ఆఫీసుకి,
వాళ్లు పంపితే మళ్లీ కలెక్టరాఫీసుకి.
నాలుగోసారి నేనూ వెళ్లాను.
"ఇది మా చేతిలో లేదమ్మా" అన్నాడు కౌంటర్లో మనిషి.
తెలుసండి, విదేశీ వ్యవహారాలు కేంద్ర జాబితాలోవి,
మీరు పైకి పంపితే చాలు.
పెన్ను కింద పెట్టి చూశాడు.
"ఏ కాలేజీ?"
అర్జీ తీసుకున్నాడు, స్టాంపు వెయ్యలేదు.
వేసేదాకా అక్కడే నిలబడ్డాను.
అత్త నా చున్నీ కొస లాగుతూనే ఉంది,
"పదే, కోపమొస్తాదేమో."
స్టాంపులో తేదీ సగమే పడింది.

క్వార్టర్లీ పరీక్షలో అదే ప్రశ్న.
రాజ్య లక్షణాలను వివరింపుము. ఐదు మార్కులు.
మూడు లక్షణాలు నోట్సులో ఉన్నట్టే రాశాను.
భూభాగం దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగలేదు.
బోటు రాశాను, ఇంజను రాశాను, ఏడు పేర్లూ రాశాను,
అడిషనల్ కాయితం అడిగి మరీ.

పేపరు తిరిగొచ్చింది.
మార్జిన్లో ఎర్ర సిరా:
ఉదాహరణలు అడగలేదు.
మూడున్నర.

ఆ సాయంత్రం మద్దిలపాలెం బస్టాపులో వాన.
మేడం గొడుగు కొంచెం నా వైపు వంచింది.
చాలాసేపు బస్సులు వచ్చే వైపే చూసింది.
"నువ్వు రాసిన వాళ్లు...
తిరిగొచ్చారా?"
లేదు మేడం.
ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది.
"ఆ అర్జీ నకలు రేపు పట్రా.
పైకి ఎవరికి రాయాలో చూద్దాం."

తెచ్చాను. సగం తేదీ స్టాంపుని
వెలుగులో పెట్టి ఆమె చాలాసేపు చూసింది.
తన చేత్తో ఇంకో ఉత్తరం రాసింది,
కింద ఏడు పేర్లూ నా చేత రాయించింది.

మార్కు మాత్రం కలపలేదు.